కారుకు మెరుపు, చేతులకు మంట: పల్నాడు డీటైలింగ్ షాపుల్లో లెక్కకు రాని పనితనం

నరసరావుపేటలో ఒక కార్ డీటైలింగ్ షాపు. లోపల వరసగా బిగించిన ఎల్‌ఈడీ లైట్ల కింద తెల్ల కారు నిలబెట్టి ఉంది. దాని పక్కన పీట మీద కూర్చుని ఒక యువకుడు చక్రాలు రుద్దుతున్నాడు. చేతులకు గ్లవ్స్ లేవు. గురజాల వైపు ఒక ఊళ్లోని మాదిగపల్లె అతనిది. వయసు ఇరవై ఆరు. పేరు రాయొద్దన్నాడు. వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి, గోళ్ల చుట్టూ చర్మం పగిలి ఉంది.

"ఏంది తమ్ముడూ ఇది?" అని అడిగాను.

"చక్రాల యాసిడ్ అన్నా. పోసేటప్పుడు ఏం తెలవదు. రాత్రి పడుకున్నాక సలుపుద్ది."

ఆ "రాత్రి" అన్న మాట దగ్గర ఆగాలి. మామూలు యాసిడ్ ఒంటి మీద పడితే అప్పటికప్పుడే మండుతుంది. అప్పుడు ఊరుకుని కొన్ని గంటల తర్వాత సలిపేది వేరే రకం. దాని సంగతికి వచ్చే ముందు అసలు ఈ పని ఏమిటో చూడాలి. ఎందుకంటే ఓనర్లు, కస్టమర్లు, చివరికి చేసేవాళ్లు కూడా దీన్ని "బండి కడగడం" అనే అంటున్నారు. కూలి తగ్గేది, గ్లవ్స్ దొరకనిది, మర్యాద పోయేది ఆ పేరు దగ్గరే.

కడగడం వేరు, డీటైలింగ్ వేరు

కారు రంగు ఒకే పొర కాదు. రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్. మనం చూసే మెరుపంతా ఈ పై పొరదే. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే వెంట్రుక కంటే పల్చటి పొర మీద జరిగే పని ఇది.

ఆ పొర నున్నగా ఉన్నంతకాలం వెలుతురు అద్దం మీద పడ్డట్టు తిరిగి వస్తుంది. దుమ్ము మీద పొడిగుడ్డ వేసి తుడిస్తే సన్న గీతలు పడతాయి. వెలుతురు చెదిరిపోతుంది. కారు "పాతబడింది" అంటాం. ఆ మెరుపును తిరిగి తేవడానికి రెండే దారులు. గీతల చుట్టూ ఉన్న పొరను కాస్త అరగదీసి సమం చేయడం ఒకటి. మైనం లాంటి పదార్థంతో గీతలను కొన్నాళ్లపాటు కప్పిపెట్టడం రెండోది. మొదటిది దిద్దుబాటు, రెండోది ముస్తాబు. షాపులో ఏది చేశారో అడిగి తెలుసుకునే కస్టమర్లు తక్కువ.

పని వరస ఇలా ఉంటుంది. ముందు ప్రెషర్ నీళ్లతో పైపై మట్టి వదిలించాలి. నురగ కొట్టి, అది ఆరిపోకముందే కడిగేయాలి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మంచినీళ్లు. టాపు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. ఇసుక ఎక్కువగా ఉండే కింది భాగం చివరికి. రుద్దిన గుడ్డను ప్రతిసారీ మంచినీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచాలి. ఇంతే తేడా. కానీ ఒకే బకెట్‌తో కడిగిన కారుకూ, ఇలా కడిగిన కారుకూ ఏడాది తిరిగేసరికి రంగులో తేడా కనిపిస్తుంది.

ఆరిన తర్వాత చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని రంగు మీద తడిమి చూడాలి. ఉత్త చేతికి తెలియని గరుకు కవర్ మీంచి తెలుస్తుంది. అది రంగులో దిగబడిన ఇనుప రజను, తారు, సిమెంటు ధూళి. క్లే అనే మెత్తటి ముద్దను తడి చేసి రుద్దుతూ దాన్ని ఎత్తేయాలి. ఆ తర్వాతే మెషీన్. బానెట్ మీద ఒక మూల చిన్న చదరంలో కాంపౌండ్ వేసి చూసి, ఎంత ఒత్తాలో, ఎంత వేగంగా తిప్పాలో తేల్చుకుని, మిగతా కారంతా చేయాలి. అంచుల దగ్గర పొర పల్చన. రోటరీ మెషీన్ అక్కడ రెండు క్షణాలు ఎక్కువ ఆగితే వేడికి క్లియర్ కోట్ పోయి కింది రంగు బయటపడుతుంది. ఆ భాగానికి మళ్లీ పెయింటు వేయించడం తప్ప దారి లేదు. చివరగా ఆల్కహాల్‌తో నూనె జిడ్డు తుడిచి మైనమో, సీలెంటో, సిలికా ఆధారిత సిరామిక్ కోటింగో వేస్తారు.

ఇందులో చెయ్యి చెప్పే లెక్క ఉంది, కన్ను పట్టే తేడా ఉంది, రసాయనాల జ్ఞానం ఉంది. దీన్నే పనితనం అంటారు.

పల్నాడు సున్నం, పల్నాడు నీళ్లు

హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో నేర్పే పద్ధతి ఇక్కడ ఉన్నదున్నట్టు పనికిరాదు. పల్నాడు నేల సున్నపురాయి నేల. మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958లోనే మొదలైంది. పిడుగురాళ్ల పేరు చెబితే సున్నపు బట్టీలే గుర్తొస్తాయి. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే పొడిసున్నం అవుతుంది. దానికి తడి తగిలితే తడిసున్నం. దాని క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12 దాటుతుంది. బట్టీల దారిలో తిరిగే కారు మీద పడిన సున్నపు ధూళి తెల్లవారుజామున మంచుకు తడిసి రంగును తినడం మొదలుపెడుతుంది. ఆరితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దడమంటే ఉప్పుకాగితంతో రుద్దడమే.

నీళ్లదీ అదే కథ. సున్నపురాళ్ల మధ్య నుంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం లవణాలు ఎక్కువ. ఎర్రటి ఎండలో కడిగి వదిలేస్తే ప్రతి చుక్కా ఆరి తెల్ల మచ్చ అవుతుంది. అందుకే ఇక్కడ పని తెలిసినవాళ్లు పొద్దున్నే, నీడలో కడుగుతారు. ఒక్కో భాగం కడిగి వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెడతారు. ఆఖరి కడుగుకు ఆర్వో నీళ్లు గానీ, దొరికితే కాలువ నీళ్లు గానీ వాడతారు. మచ్చ పడితే నీళ్లు కలిపిన వెనిగర్ లాంటి బలహీనమైన ఆమ్లంతో మెత్తబరిచి తీస్తారు.

నేను మాట్లాడిన ఆ తమ్ముడికి ఇదంతా తెలుసు. పిడుగురాళ్ల నుంచి వచ్చిన కారును, వినుకొండ నుంచి వచ్చిన కారును దుమ్ము చూసి చెబుతాడు. అతనికి ఎవరూ నేర్పలేదు, సర్టిఫికెట్ ఇవ్వలేదు. కోటింగ్ కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ గోడకు వేలాడుతోంది. దాని మీద ఉన్న పేరు అతనిది కాదు.

లెదర్ సీటు, లంద

కారు లోపలి పనికి వేరే క్రమం ఉంది. పైనుంచి కిందికి, పొడి పని అయ్యాకే తడి పని. మ్యాట్లు తీసి, బ్రష్‌తో దుమ్ము లేపి వ్యాక్యూమ్ పట్టాలి. టాపు లోపలి గుడ్డను తడిపి ముద్ద చేస్తే దాని జిగురు ఊడి కిందికి వేలాడుతుంది. స్విచ్చుల మీద ద్రావణం నేరుగా కొట్టకూడదు, గుడ్డకు కొట్టి తుడవాలి. సీట్లు కడిగాక తలుపులు తెరిచి పూర్తిగా ఆరనివ్వకపోతే రెండు రోజుల్లో బూజు వాసన పడుతుంది.

సీటు గుడ్డదా, రెగ్జిన్‌దా, అసలు తోలుదా అన్నది ముందే తేల్చుకోవాలి. ఊనిన తోలుకు కాస్త ఆమ్లగుణం ఉంటుంది. దాని మీద క్షారగుణం ఎక్కువున్న సబ్బు వేస్తే ఎండిపోయి పగుళ్లిస్తుంది. అందుకే షాపు బోర్డుల మీద "ప్రీమియం లెదర్ కేర్" అని వేరే ప్యాకేజీ, వేరే రేటు ఉంటాయి.

ఈ ప్యాకేజీ ముందు నిలబడితే లంద గుర్తురాక మానదు. పచ్చి తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు ఊడదీయడం, తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ రసంలో ఊనబెట్టి తోలు చేయడం మాదిగల తరతరాల విద్య. ఏ సున్నం ఎంత కలపాలి, ఎన్ని రోజులు నానబెట్టాలి, తోలు ఎప్పుడు పండుతుంది అన్నది చేతి లెక్క. ఆ చెప్పులు, మోట బొక్కెనలు, పలుపులు లేకుండా ఈ ప్రాంతంలో సేద్యం నడిచింది లేదు. కానీ ఆ జ్ఞానాన్ని జ్ఞానమనలేదు, కంపు అన్నారు. ఆ విద్య తెలిసినవాళ్లను ఊరి బయట ఉంచారు. అదే తోలు ఇవాళ కారు సీటై వస్తే దాన్ని కాపాడటం ప్రీమియం సర్వీసు అయింది. ఆ డబ్బు మాత్రం తోలు విద్య తెలిసిన వాడల్లోకి రావడం లేదు.

చేతిపని ఎవరిది, మెషీన్ ఎవరిది

నేను చూసిన షాపుల్లో పని రెండుగా చీలి ఉంది. నీళ్లు, నురగ, చక్రాలు, మ్యాట్లు, సీట్ల కింద చెత్త ఒక వైపు. మెషీన్, కోటింగ్, కస్టమర్‌తో మాట, డబ్బు లెక్క మరో వైపు. మొదటి వైపు నేను ఎక్కువగా కలిసింది మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చిన యువకులను. ఏళ్లు గడిచినా వాళ్లు అటు నుంచి ఇటు దాటడం అరుదు. "మెషీన్ పట్టుకోనిస్తే నేర్చుకుంటాంగా అన్నా" అన్నది చాలాసార్లు విన్న మాట. వాష్ బిల్లు వందల్లో, కోటింగ్ బిల్లు వేలల్లో ఉంటుంది. కాబట్టి ఈ గీత కూలికి కూడా గీతే.

కులం పనులను పంచిపెట్టడంతో ఆగదు, పనివాళ్లను ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేరుస్తుంది అన్నది 1936లో అచ్చయిన "కుల నిర్మూలన"లో అంబేడ్కర్ చేసిన వాదన. బండికి సంబంధించిన ఆయన సొంత అనుభవాలు రెండు ఇక్కడ తలచుకోవాలి. 1901లో, చిన్నపిల్లవాడిగా, మసూరు స్టేషన్ నుంచి గోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్తుంటే బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకు ఒప్పుకున్నాడు. అయితే బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. 1929లో చాలీస్‌గావ్‌లో మళ్లీ అదే. అప్పటికి ఆయన బారిస్టరు, ప్రభుత్వ కమిటీ సభ్యుడు. అయినా టాంగావాలా ఆయన్ను ఎక్కించుకుని తోలనన్నాడు. మహర్‌వాడ వాళ్లు టాంగా అద్దెకు తెచ్చి, తోలడం రాని తమ మనిషినే కూర్చోబెట్టారు. కల్వర్టు మీద బండి అదుపు తప్పింది. అంబేడ్కర్ కింద పడి కాలు విరిగింది.

ఈ సంఘటనను సాధారణంగా అవమానం కథగా చెప్పుకుంటాం. అందులో నైపుణ్యం కథ కూడా ఉంది. బండి దొరికింది, తోలడం నేర్చుకునే అవకాశమే ఆ వాడకు అందలేదు. పని నేర్చుకోనివ్వకపోతే దాని దెబ్బ చివరికి ఒంటి మీదే పడుతుంది. మన డీటైలింగ్ షాపులో అది వేళ్ల కొసల మీద పడుతోంది.

రాత్రి సలిపే యాసిడ్

అల్లాయ్ చక్రాల మీద బ్రేకు ప్యాడ్ల రజను కాలి అతుక్కుపోతుంది. దాన్ని క్షణాల్లో వదిలించే చవక ద్రావణాల్లో కొన్నిటిలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గానీ, అమ్మోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటాయి. పలచగా ఉన్నప్పుడు ఇవి చర్మం మీద వెంటనే మండవు. మెల్లగా లోపలికి దిగుతాయి. నొప్పి కొన్ని గంటలకు, ఒక్కోసారి 24 గంటల వరకు ఆగి మొదలవుతుంది. పైన చర్మం మామూలుగానే కనిపించవచ్చు. ఆ ఫ్లోరైడ్ మన ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, ఎముక దాకా పోతుంది. ఎక్కువ మోతాదు అయితే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె లయ తప్పుతుంది, ప్రాణం పోవచ్చు.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2001 నుంచి 2013 వరకు కార్లు, లారీలు కడిగే పనిలో ఈ యాసిడ్‌తో కాలిన 48 మంది కార్మికుల కేసులను ఆ దేశ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2015లో ప్రచురించింది. అందులో ఏడుగురు ఆస్పత్రిలో చేరారు, ఇద్దరికి శస్త్రచికిత్స జరిగింది. అక్కడ ఒక లెక్క అంటూ ఉంది. మన దగ్గర వేళ్లు సలిపినవాళ్లు కొబ్బరినూనె రాసుకుని పడుకుంటున్నారు. ఆ తమ్ముడి షాపులో యాసిడ్ ఉన్నది పాత కూల్‌డ్రింక్ సీసాలో. పైన ఏ పేరూ లేదు. అందులో ఉన్నది ఇదే అని నేను చెప్పలేను. కానీ గంటల తర్వాత మొదలయ్యే నొప్పి ఈ రసాయనం చూపే గుర్తు. అందుకే అతన్ని డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నాను.

పని చేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి:

- డబ్బా మీద "హైడ్రోఫ్లోరిక్", "బైఫ్లోరైడ్" అన్న పదాలు ఉంటే దాన్ని వాడొద్దు. చక్రాలకు యాసిడ్ లేని, పీహెచ్ తటస్థంగా ఉండే ఐరన్ రిమూవర్లు ఉన్నాయి. రజనుతో కలిసి ఊదా రంగుకు మారేవి అవే. కాస్త సమయం ఎక్కువ పడుతుంది, అంతే.
- పేరు లేని సీసాలో ఏదీ పోసి ఉంచొద్దు. కూల్‌డ్రింక్, మంచినీళ్ల సీసాల్లో అసలే వద్దు.
- ఒంటి మీద పడితే ధారగా పడే నీళ్లతో వెంటనే కడగాలి. నొప్పి లేదని ఊరుకోకుండా డబ్బా పట్టుకుని ఆస్పత్రికి వెళ్లి రసాయనం పేరు చెప్పాలి. దీనికి వాడే మందు కాల్షియం గ్లూకోనేట్ జెల్. రసాయనం పేరు తెలియకపోతే డాక్టరు దీన్ని మామూలు కాలిన గాయం అనుకునే ప్రమాదం ఉంది.
- ఏ యాసిడ్‌నూ బ్లీచింగ్‌తో కలపొద్దు. విషవాయువు వస్తుంది.
- థిన్నర్, పెట్రోలు, కిరోసిన్‌తో తారు మరకలు తీయడం మూసిన గదిలో చేయొద్దు.
- తడి నేల మీద ప్రెషర్ మెషీన్ నడుస్తుంది కాబట్టి ఎర్త్ వైరు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి. షాకు కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే.

చట్టం చేతిలో ఉన్నది

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం కనీస వేతనం హక్కు ఏదో కొన్ని పరిశ్రమలకే పరిమితం కాదు. నలుగురు పనిచేసే షాపుకూ వర్తిస్తుంది. పనిలో గాయపడితే యజమాని పరిహారం ఇవ్వాలన్న నియమం 1923 నాటి చట్టంతోనే వచ్చింది, ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలను బయటి షాపుల్లో పనిలో పెట్టడం నేరం. నలుగురి ముందు కులం పేరుతో దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు. "మా ఓనరు మంచోడే, కోపమొస్తేనే కులం తీస్తాడు" అన్న మాట నాకు షాపుల్లో వినిపించింది. కోపం ఆ చట్టంలో మినహాయింపు కాదు.

కాగితం మీది హక్కు కూలిగా మారాలంటే కలిసి నిలబడాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో కార్లు కడిగే పనిలో ఎక్కువగా ఉన్నది లాటిన్ అమెరికా వలస కార్మికులు. ఆ రాష్ట్రం 2003లో చేసిన చట్టం కార్ వాష్ షాపులు తప్పనిసరిగా రిజిస్టర్ చేసుకోవాలంది. 2011లో శాంటా మోనికాలో ఒక కార్ వాష్ కార్మికులు యూనియన్ ఒప్పందం సాధించారు. అక్కడ వలస, ఇక్కడ కులం. రెండు చోట్లా తడి చేతులకు విలువ కట్టనిది ఒకే రకం చూపు.

సొంతంగా షాపు పెట్టుకోవడం మరో దారి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం నిబంధనల్లో సేవారంగం యూనిట్‌కు 20 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టు పెట్టవచ్చు. ఎస్సీ, ఎస్టీలు సొంతంగా పెట్టాల్సింది 5 శాతం. సబ్సిడీ గ్రామాల్లో 35 శాతం, పట్టణాల్లో 25 శాతం. 5 లక్షలు దాటిన ప్రాజెక్టుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. దరఖాస్తు పెట్టే ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ప్రస్తుత నిబంధనలు అడిగి తెలుసుకోవడం మంచిది. అసలు చిక్కు అప్పు కంటే ముందు ఉంది. రోడ్డు పక్కన స్థలం, బోరు, మూడు ఫేజుల కరెంటు కావాలి. రోడ్డు పక్క భూమి మన వాడల చేతిలో లేదు. ఎస్సీలకు పథకాలు రాసేవాళ్లు మున్సిపల్ షాపుల్లో, హైవే పక్క ప్రభుత్వ స్థలాల్లో వాటా గురించి రాయనంతకాలం సబ్సిడీ శాతాలు కాగితం మీదే మెరుస్తాయి.

కారున్నవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. వేలు పోసి కోటింగ్ వేయించుకునేటప్పుడు, చక్రాలకు ఏం వాడుతున్నారు, కడిగే మనిషికి గ్లవ్స్ ఉన్నాయా అని ఒక్క మాట అడగండి. ఓనరు జవాబు చెప్పాల్సింది మీకే కాబట్టి ఆ ప్రశ్నకు బలం ఉంటుంది.

రెండోసారి వెళ్లినప్పుడు ఆ తమ్ముడు చేతులకు మోచేతుల దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లవ్స్ ఉన్నాయి. తనే కొనుక్కున్నాడట. కూల్‌డ్రింక్ సీసా తీసేయలేదు గానీ దాని చుట్టూ తెల్ల టేపు చుట్టి, స్కెచ్ పెన్‌తో రాశాడు: "చక్రాల యాసిడ్. చేత్తో ముట్టొద్దు." కొత్తగా చేరిన కుర్రాడికి చదివి వినిపించి మరీ చెప్పాడట. కోటింగ్ మెషీన్ వైపు చూపించి, "అది ఎప్పుడు పట్టుకోనిస్తారో అడిగానన్నా" అన్నాడు. ఓనరు ఇంకా ఏమీ చెప్పలేదట.